మారేడు: పెరటి వైద్యము, దాని హద్దు

ఒక వస్తువును మరియొక వస్తువుగా చూపి ఎదుటివారిని నమ్మించువానిని చూచి మనము “మసిపూసి మారేడుకాయ చేయుచున్నాడు” అందుము. ఈ సామెత ఎరుగని తెలుగువారు లేరు. కాని ఈ మాట పలుకువారిలో మారేడుకాయను చేతబట్టి చూచినవారు నేడు కొలదిమందియే యుందురు. మారేడు ఆకు సంగతి వేరు. శివరాత్రినాడును, కార్తిక సోమవారములందును, వినాయక చవితినాటి 21 పత్రులలోను అది ఇంటింటికి వచ్చును. ఆకు దేవుని పూజకు చేరినది. కాయ చెట్టుననే యుండిపోయినది. ఆ కాయను గూర్చియే నేడు ముఖ్యముగా ముచ్చటింపదలచితిమి.

దీనికి కారణము కలదు. వేసవి ముదిరి తొలకరి వచ్చు దినములలో శ్రోతలు మాకు వ్రాయు జాబులలో ఒక ప్రశ్న మాటిమాటికి కనబడును. “పిల్లవానికి విరేచనములు పట్టుకొన్నవి. మా అత్తగారు మారేడుకాయ కాల్చి పెట్టుమనుచున్నారు. మావారు ఆసుపత్రికి పోవుదమనుచున్నారు. ఏది చేయవలెను?” అని ఆ ప్రశ్న. అత్తగారి మాటలోను నిజమున్నది, భర్త మాటలోను నిజమున్నది. అయితే ఏది ముందు, ఏది తరువాత, ఏది ఎవరికి అను క్రమము తెలియనిచో ఆ రెండు నిజముల నడుమ పసిప్రాణమునకు ముప్పు వాటిల్లును. ఆ క్రమమును తెలియజెప్పుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

ముందుగా చెట్టును గుర్తింపవలెను. మారేడును సంస్కృతమున బిల్వమనియు, శ్రీఫలమనియు, మాలూరమనియు అందురు. వృక్షశాస్త్రజ్ఞులు దీనికి ఈగిల్ మార్మెలోస్ అని పేరిడిరి. నిమ్మ, నారింజ, వెలగ చెట్లతోపాటు ఇదియు ఒకే కుటుంబమునకు చెందినది. సికింద్రాబాదులోని మారేడుపల్లి, తూర్పు కనుమలలోని మారేడుమిల్లి అను పేర్లు విన్నంతనే ఈ చెట్టు మనకు స్ఫురించును. ఎండకు, నీటి యెద్దడికి ఇది జంకదు. చౌడు తగిలిన నేలయందును బ్రతుకును. ఒక్కొక్క కాడకు మూడేసి ఆకులుండును. కొమ్మలకు ముండ్లుండును. వేసవిలో పూచిన పూవు కాయయై పండుటకు సుమారు పది, పదకొండు నెలలు పట్టును. అనగా ఈ వేసవి పూత మరుసటి వేసవికి పండు.

మారేడును వెలగతో పొరపడువారు కలరు. వెలగకాయ పెంకు గరుకుగా, తెల్లని బూడిదవన్నెతో నుండును. లోని గుజ్జు గోధుమవన్నె కలిగి పుల్లగా నుండును. కాడకు అయిదు, ఏడు చిన్నయాకు లుండును. మారేడుకాయ పెంకు నునుపుగా నుండి, పచ్చగా మొదలై పసుపువన్నెకు తిరుగును. పండిన గుజ్జు నారింజవన్నెతో తియ్యగా, సువాసనగా నుండును. గింజల చుట్టును జిగురు పట్టియుండును. పూర్వము ఈ జిగురును కాగితము లంటించుటకు వాడిరి. గుజ్జు తీసి ఎండబెట్టిన డొప్పలో విభూతి దాచుకొనుట శైవులలో ఆచారమై యున్నది. చెట్టును చక్కగా గుర్తించినవానిని మసిపూసి ఎవరును మోసపుచ్చజాలరు.

ఈ చెట్టు మన వైద్యమున నిన్న మొన్న చేరినది కాదు. ఆయుర్వేదమునందలి దశమూలములలో, అనగా పది వేళ్ల కూటమిలో, మొదటి అయిదింటిని బృహత్పంచమూలమందురు. అందు మారేడు వేరు ఒకటి. పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్తా గోవాలో నివసించుచు, 1563లో అచ్చట అచ్చువేయించిన మూలికల గ్రంథములో, ఈ కాయను రక్తవిరేచనములకు వాడుదురని వ్రాసెను. తమ దేశమునందలి మార్మెలో అను పండును ఇది తలపించుటచే పోర్చుగీసువారు దీనిని వంగదేశపు మార్మెలో అనిరి. శాస్త్రనామములోని రెండవ మాట అట్లు వచ్చినదే. రొట్టెపై పూసికొను మార్మలేడు పేరునకును ఆ మార్మెలోయే మూలము. 1868లో వెలువడిన భారతదేశపు ఔషధగ్రంథములోను మారేడునకు స్థానము లభించినది. అనగా మన అవ్వల వాడుకను పరదేశపు వైద్యులును పరికించి చూచి, పనికివచ్చునని ఒప్పుకొనిరన్నమాట.

ఇక గుణము. ఇక్కడ ఒక విశేషమున్నది. ఏ పండైనను బాగుగా పండిన పిదపనే గుణవంతమని లోకవాడుక. పదునారవ శతాబ్దమునాటి భావప్రకాశమను వైద్యగ్రంథము ఆ సూత్రమును చెప్పుచునే, మారేడును మాత్రము దానినుండి మినహాయించినది. మారేడు విషయమున పండుకంటె కాయయే గుణాధికమని ఆ గ్రంథకర్త మతము. పచ్చికాయ వగరు; అది విరేచనమును కట్టును, ఆకలిని పుట్టించును. పండినది తీపి, అది కడుపునకు బరువు, ఎక్కువ తిన్నచో వాయువు చేయును, విరేచనమును సాఫీగా జరుపును. ఒకే చెట్టు, ఒకే కాయ. కాని పచ్చిగా నున్నపుడు ఒక పని, పండిన పిదప దానికి విరుద్ధమైన పని. విరేచనములతో నున్నవానికి తియ్యగా నున్నదని పండు తినిపించుట ఎంత పొరపాటో, మలబద్ధముతో బాధపడువానికి కాయపొడి యిచ్చుటయు అంత పొరపాటే. “మారేడు కడుపునకు మంచిది” అన్న మాట చాలదు. ఏ దశలోనున్న మారేడు, ఎట్టి కడుపునకు మంచిది అని అడుగవలెను.

పెద్దలు కాయను వాడిన పద్ధతులలో మూడు ముఖ్యమైనవి.

మొదటిది కాల్చి తినుట. దోరకాయను చుట్టును మట్టి మెత్తి నివురుగప్పిన నిప్పులలో పెట్టుదురు. లోని గుజ్జు మెత్తబడిన పిదప పగులగొట్టి, గింజలను జిగురును తీసివేసి, కొంచెము బెల్లముతో కలిపి తినిపింతురు. ఒక జాగ్రత్త వహింపవలెను. కాయను ఊరక నిప్పులలో వేసినచో లోపలి ఆవిరికి పెంకు పగిలి నిప్పులు చిమ్మవచ్చును. కనుక ముందుగా పెంకుపై చిన్న గాటు పెట్టుట మంచిది.

రెండవది ఎండబెట్టి పొడిచేయుట. లేతకాయను బిళ్లలుగా కోసి, నీడ పట్టున గాలికి ఆరనిచ్చి, పిదప ఎండలో గలగలలాడునట్లు ఎండబెట్టి, తడి తగులని సీసాలో దాచుకొందురు. కావలసినపుడు దంచి వస్త్రగాళితము చేసి, పెద్దలకు ఒక చిన్న చెంచాడు పొడిని పలుచని మజ్జిగలో ఇత్తురు. కొందరు చిటికెడు శొంఠిపొడియు, కొంచెము బెల్లమును చేర్తురు. భోజనమైన వెంటనే కడుపులో కదలిక, చాలకాలముగా విడువక వచ్చు పలుచని విరేచనము, జీర్ణశక్తి తగ్గుట – వీనికి ఈ మజ్జిగ పేరుపొందినది.

మూడవది కషాయము. ఎండిన బిళ్లలను నాలుగింతలు నీటిలో నానబెట్టి, సగమగునట్లు మరిగించి, వడగట్టి త్రాగుదురు.

పండును మాత్రము పానకముగా వాడుదురు. గుజ్జును చల్లని నీటిలో నానవైచి, చేతితో పిసికి, గింజలు పోవునట్లు వడగట్టి, బెల్లము, ఏలకులపొడి చేర్చిన చాలును. ఓఢ్రదేశమున ఏప్రిలు నడుమ వచ్చు వారి సంవత్సరాదికి పణా సంక్రాంతియనియే పేరు. ఆ నాటి పానకములలో మారేడు పానకము ప్రధానమైనది. మనము శ్రీరామనవమికి బెల్లపు పానకము చేసికొన్నట్లే వారు దానిని చేసికొందురు. గింజల చుట్టునున్న జిగురును వీలయినంతవరకు తీసివేసినచో త్రాగుటకు హాయిగా నుండును.

ఇదంతయు పెద్దల నమ్మకమేనా, లేక నిలకడయైన ఆధారమున్నదా అని సందేహము కలుగవచ్చును. 2009లో ముంబయి పరిశోధకులు కొందరు పచ్చి మారేడుకాయ కషాయమును ప్రయోగశాలలో పరీక్షించి ఫలితములను ప్రకటించిరి. విరేచనములు కలిగించు బాక్టీరియాలలో వారు పరీక్షించిన వానిని ఆ కషాయము చంపలేదు. కాని ఆ క్రిములు కణములకు అంటుకొనుటను, లోనికి చొచ్చుటను అది తగ్గించినది. కొన్ని క్రిములు విడుచు విషపదార్థముల పనిని కూడ అడ్డగించినది. పచ్చికాయ వగరునకు కారణమైన టానినులు పేగులోని స్రావమును తగ్గించునని వైద్యులు చెప్పుదురు. ఇది ప్రయోగశాలలోని మాటయే కాని రోగిశయ్య కడ తేలిన తీర్పు కాదు. అయినను, అవ్వల అనుభవము వట్టి భ్రమ కాదనుటకు ఇది చాలును.

ఇంతవరకు మారేడు మహిమ చెప్పితిమి. ఇక దాని హద్దు చెప్పవలెను. ఈ భాగమును తల్లులు మరింత శ్రద్ధతో విందురుగాక.

విరేచనములతో మరణించు పసిబిడ్డ సామాన్యముగా విరేచనమువలన మరణింపదు. శరీరమునుండి నీరును ఉప్పును పోవుటవలన మరణించును. కడుపు కట్టినంతమాత్రమున పోయిన నీరు తిరిగిరాదు. మారేడుకాయ విరేచనమును తగ్గింపగలదేమో కాని, ఇంకిపోయిన ఒంటిని తడుపజాలదు. ఇదియే దాని హద్దు. అయిదేండ్లలోపు పిల్లలు విరేచనవ్యాధులచే ప్రపంచములో సంవత్సరమునకు సుమారు 4,40,000 మంది మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2024లో తెలిపినది. వీరిలో అనేకులను కాపాడగల మందు ఖరీదైనది కాదు. నీరు, ఉప్పు, చక్కెర – ఇవియే ఆ మందు.

1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున లక్షలకొలది శరణార్థులు పశ్చిమబెంగాలునకు వచ్చిరి. బన్‌గావ్ శిబిరములో కలరా చెలరేగినది. నరములకెక్కించు సెలైను అయిపోవచ్చినది. అపుడు డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని పీపాలతో నింపించి, రోగుల బంధువులచేతనే గుక్క గుక్కగా త్రాగించెను. అంతకుముందు నూటికి ముప్పదిమంది వరకు మరణించుచుండగా, ఆ నీటితో మరణములు నూటికి నలుగురికంటె తక్కువకు దిగినవి. దీని రహస్యము సులభము. పేగు నీటిని పీల్చుకొనలేని సమయమునను చక్కెరను పీల్చుకొనగలదు. చక్కెర పోవునపుడు ఉప్పును వెంట గొనిపోవును. ఉప్పు వెంట నీరు పోవును. ఆ డాక్టరుగారు 2022లో మరణించిరి; 2023లో ప్రభుత్వము వారికి పద్మవిభూషణ బిరుదము నిచ్చినది. నేడు ఓ.ఆర్.ఎస్. పొట్లముగా ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలోను, మందుల అంగడులలోను దొరకునది ఈ నీటి పొడియే.

కనుక మాకు వ్రాయు తల్లులకు మా సమాధానమిది. బిడ్డకు విరేచనములు మొదలైనంతనే చేయవలసిన మొదటి పని ఈ నీరు త్రాగించుట. పెద్ద పొట్లమును ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో పూర్తిగా కలుపవలెను. సగము పొడి, సగము నీరు అని ఉజ్జాయింపుగా కలుపరాదు. కలిపిన నీటిని 24 గంటలలో వాడి, మిగిలినది పారబోయవలెను. రెండేండ్లలోపు బిడ్డకు ప్రతి విరేచనము పిదప 50 మొదలు 100 మిల్లీలీటర్లు, అంతకు పెద్ద పిల్లలకు 100 మొదలు 200 మిల్లీలీటర్లు చెంచాతో మెల్లగా పట్టవలెను. వాంతియైనచో పది నిమిషములాగి మరల మొదలుపెట్టవలెను. పొట్లము దొరకనిచో లీటరు నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండును తలగొట్టి కొలిచి, కలుపవచ్చును. ఉప్పు వేసిన బియ్యపు గంజి, పలుచని ఉప్పుమజ్జిగ కూడ మేలైనవే. ఆలోచించి చూడుడు: ఉప్పుగంజి మన అవ్వల వైద్యము కాదా? ఇంటి వైద్యములలో మారేడుకంటె ముందు వరుసలో నిలువదగినది ఈ ఉప్పుగంజియే. తల్లిపాలు మానుపరాదు, పెద్ద పిల్లలకు అన్నము మానుపరాదు. వైద్యులు దీనితోపాటు ఆరు నెలలు దాటిన పిల్లలకు దినమునకు 20 మిల్లీగ్రాముల జింకు మాత్రను 14 దినములు ఇప్పింతురు.

రెండవ పని కనిపెట్టియుండుట. కండ్లు లోతునకు పోయినను, ఏడ్చినపుడు కన్నీరు రాకున్నను, మూత్రము తగ్గినను, బిడ్డ మగతగా పడియున్నను, త్రాగలేకున్నను, పొట్టపై చర్మమును పట్టి విడిచినపుడు మెల్లగా వెనుకకు పోయినను, మలములో రక్తమున్నను, తీవ్రజ్వరమున్నను, వాంతులు ఆగకున్నను ఇక ఇంటిలో ఏ మందును వెదకరాదు. త్రోవపొడుగునను ఆ నీరు పట్టుచు ఆసుపత్రికి గొనిపోవలెను.

మూడవ స్థానము మారేడునది. అదియు శిశువులకు కాదు. ఆరు నెలలలోపు బిడ్డకు కషాయములు, పొడులు ఏవియు పెట్టరాదు. పెద్దలకు, వ్యాధి తీవ్రత తగ్గి పలుచని విరేచనము విడువక సాగునపుడు, కాయపొడి మజ్జిగ మేలుచేయవచ్చును. అట్టిది రెండు వారములు దాటినను నిలువకున్నచో కారణము వేరుగా నుండవచ్చును గనుక పరీక్ష చేయించుకొనవలెను.

ఈ క్రమము పాశ్చాత్యవైద్యము మనపై రుద్దినదని ఎవరైన తలతురేమో. అట్లు కాదు. ఆమముతో కూడిన విరేచనమును, అనగా దోషము లోననుండగా మొదటనే, కట్టివేయరాదని ఆయుర్వేదము స్పష్టముగా చెప్పినది. తొందరపడి కట్టినచో వేరు వ్యాధులు పుట్టునని ఆ శాస్త్రము హెచ్చరించినది. పేరున్న పాతవైద్యుడెవ్వడును విరేచనములని విన్నంతనే మారేడుపొడి చేతికందీయలేదు. నాడి చూచి, దినము లెంచి, పిదప ఇచ్చెను. ఇంటిలో మనకు మిగిలినది మందు పేరు మాత్రమే. దానితో ఉండవలసిన విచక్షణ జారిపోయినది. దానిని తిరిగి తెచ్చుకొనవలెను.

ఆకును గూర్చి ఒక్క మాట. మధుమేహమునకు మారేడాకు రసము త్రాగువారు అనేకులు కలరు. జంతువులపై జరిగిన ప్రయోగములలో అది రక్తములోని చక్కెరను తగ్గించిన మాట నిజమే. అందువలననే జాగ్రత్త అవసరము. మాత్రలు వాడుచు పైగా దీనిని త్రాగినచో చక్కెర మరీ పడిపోవచ్చును. దీనిని నమ్మి మాత్రలు, ఇన్సులిను మానినచో ప్రాణాపాయము. వైద్యునికి తెలియజేయక ఈ ప్రయోగము చేయరాదు. గర్భవతులు అసలే చేయరాదు. మరియొక సంగతి: మారేడాకులో ఈగిలిన్ అను పదార్థము కలదు. దానినే కృత్రిమముగా తయారుచేసి, ఒళ్లు తగ్గించు మాత్రలలో కలిపి అమెరికాలో అమ్మిరి. 2013లో హవాయి ద్వీపములలో ఆ మాత్రలు వాడినవారిలో అనేకులకు కాలేయవ్యాధి వచ్చినది. కొందరికి కాలేయము మార్పవలసివచ్చినది. అధికారులు హెచ్చరించి ఆ సరుకును అంగడులనుండి తీయించిరి. దీనివలన పూజలోని పత్రి విషమని అర్థము కాదు. చెట్టులోనిది గనుక ఎంతయైన తినవచ్చునను మాట నిజము కాదని మాత్రము అర్థము.

పొడులు కొనువారును ఎచ్చరికతో నుండవలెను. పొడియైన పిదప కాయను గుర్తించుట ఎవరి తరము? సామెతకు ఇక్కడ అక్షరాల పనిపడును. వీలున్నవారు కాయనే తెచ్చి ఇంటిలో ఎండబెట్టుకొనుట మేలు. పెరడున్నవారు, బడి ఆవరణ, గుడి ఆవరణ చేతిలోనున్నవారు ఒక మొక్క నాటవచ్చును. గింజమొక్క కాపునకు ఏడెనిమిదేండ్లు పట్టును. అంటుమొక్క అంతకు ముందే కాచును. నాటినవారికి నీడయు, దేవునికి పత్రియు, వేసవికి పానకమును, కడుపునకు ఒక మందును దొరకును.

అత్తగారి మాటను కోడలు త్రోసివేయనక్కరలేదు. భర్త తొందరను అత్తగారు తప్పుపట్టనక్కరలేదు. అత్తగారు ఉప్పుగంజి కాచియిత్తురుగాక; కోడలు చెంచాతో పట్టుగాక; భర్త ఆసుపత్రి త్రోవ తెలిసికొని సిద్ధముగా నుండుగాక. ఎండిన మారేడు బిళ్లలు సీసాలో భద్రముగా నుండును. వాని అవసరము వచ్చినపుడు, వచ్చినవారికి, వచ్చినంత మేరకు వాడుకొందము.